ఎండ కథ – 9: ఉప్పులో దాచిన పగలు

గత వారం ఫ్రాంక్ షూమన్‌ను కైరో పక్కన మాదిలో వదిలిపెట్టాం. 1913లో పొడవాటి తొట్టి అద్దాలతో ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో నైలు నీళ్లు తోడించి చూపించాడాయన. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, పంపు మూలపడింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు చమురు కారుచౌకగా దొరుకుతుంటే ఎండ మీద డబ్బు పెట్టే పిచ్చివాళ్లెవరుంటారు? ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాళ్లలో ఒకాయన ఇటలీలో, జెనోవా నగరం అంచున సాంట్ ఇలారియో అనే చోట పనిచేసేవాడు. పేరు జొవాన్ని ఫ్రాంచా. గణితంలో దిట్ట.

షూమన్ తొట్లలోని ఇబ్బందిని ఫ్రాంచా సరిగ్గా పట్టుకున్నాడు. తొట్టి అద్దం తన ముందున్న గొట్టాన్ని మాత్రమే వేడెక్కిస్తుంది. అలాంటివి వందలకొద్దీ పెడితే ఆ వేడినంతా కిలోమీటర్లకొద్దీ గొట్టాల్లో మోసుకురావాలి. దారి పొడుగునా అది చల్లారుతూనే ఉంటుంది. పైగా తొట్టి వెలుగును గీతగా కుదించగలదు గానీ చుక్కగా కుదించలేదు కాబట్టి వేడికీ ఒక హద్దు ఉంటుంది. మరి వేడిని మోసే బదులు వెలుగునే పంపితే? వెలుగుకు గొట్టం అక్కర్లేదు. నేలంతా విడివిడి అద్దాలు పరిచి, అన్నీ ఎండను ఎత్తున ఉన్న ఒకే చోటికి విసిరేలా తిప్పితే చాలు. 1965లో ఆయన వందకు పైగా గుండ్రటి అద్దాలతో ఈ పని చేసి ఆవిరి తీశాడు. ఈనాటి సోలార్ టవర్లన్నిటికీ వంశకర్త అదే.

చెప్పినంత తేలిక కాదిది. తొట్టి అద్దం సూర్యుడి వైపు చూస్తూ ఉంటే సరిపోతుంది. టవర్ చుట్టూ ఉండే అద్దం అలా కాదు, అటు సూర్యుడికీ ఇటు టవర్‌కూ సరిగ్గా మధ్య దిక్కున నిలబడాలి. పక్క అద్దానికి ఆ మధ్య దిక్కు వేరు. వెయ్యి అద్దాలుంటే వెయ్యి లెక్కలు, అవీ క్షణక్షణం మారేవి. ఇలా తిరిగే అద్దాన్నే ఇంజనీర్లు హీలియోస్టాట్ అంటారు. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పున కనిపిస్తుంది కదా. అందువల్ల కిలోమీటరు దూరంలోని అద్దం ఎంత నిఖార్సైనదైనా, అది టవర్ మీద వేసే వెలుగు మరక తొమ్మిది మీటర్లకు తగ్గదు. అద్దం పదోవంతు డిగ్రీ పక్కకు తిరిగిందంటే ఆ మరక మూడున్నర మీటర్లు జరిగిపోతుంది. టవర్ కొసన ఉండే రిసీవర్ ఎంత పెద్దదై ఉండాలి, అద్దాలు ఎంత దూరం పరవచ్చు అనేవి ఈ లెక్కలోంచే తేలతాయి. దూరపు అద్దాల వెలుగు దుమ్ములో చెదిరిపోతుంది, గురీ తప్పుతుంది. అందుకే ఒక టవర్‌ను ఎంతకైనా పెంచుకుంటూ పోవడం కుదరదు. 100–150 మెగావాట్ల దగ్గర డిజైనర్లు ఆగి, ఇంకా కావాలంటే రెండో టవర్ గీస్తారు.

1973లో అరబ్ దేశాలు చమురు బిగపట్టేసరికి అమెరికాకు ఎండ గుర్తొచ్చింది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ఆల్విన్ హిల్డెబ్రాంట్, లోరిన్ వాంట్‌హల్ టవర్ లెక్కలు ముందుకు తెచ్చారు. ప్రభుత్వం న్యూమెక్సికోలోని సాండియా ప్రయోగశాలలో ఒక పరీక్షా టవర్ కట్టించింది. ఆ పరీక్షలు అయ్యాక కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో, బార్‌స్టో ఊరి పక్కన డాగెట్ దగ్గర 'సోలార్ వన్' లేచింది.

1982లో పని మొదలెట్టిన ఆ కేంద్రాన్ని కాస్త దగ్గరికెళ్లి చూడాలి. మధ్యలో దాదాపు 90 మీటర్ల ఇనుప టవర్. చుట్టూ 1,818 హీలియోస్టాట్లు. ఒక్కో దానికి ఒక స్తంభం, దాని తల మీద ఉక్కు చట్రం, చట్రానికి పన్నెండు అద్దపు పలకలు, అన్నీ కలిపి దాదాపు 40 చదరపు మీటర్లు. చట్రాన్ని పైకీ కిందికీ తిప్పడానికి ఒక మోటారు, పక్కలకు తిప్పడానికి ఇంకొకటి. టవర్ కొసన నల్ల రంగు పూసిన సన్నటి గొట్టాల వలయం. కింది నుంచి నీళ్లు వెళ్లి, 500 డిగ్రీలు దాటిన ఆవిరై దిగుతాయి. గాల్లో దుమ్ము ఉన్న రోజున అద్దాల నుంచి టవర్‌కు పోయే వెలుగు దారలు మామూలు కంటికే కనిపించేవి.

సామర్థ్యం 10 మెగావాట్లు. ఖర్చు 14 కోట్ల 10 లక్షల డాలర్లు. అంటే కిలోవాట్‌కు 14 వేల డాలర్ల పైమాట. అప్పటి బొగ్గు కేంద్రం ముందు పెడితే ఇది నిలబడే ధర కాదు. పరీక్షా కేంద్రం కాబట్టి సర్దుకున్నారు. అదే కాలంలో సిసిలీలోని అడ్రానోలో, జపాన్‌లోని నియోలో, స్పెయిన్‌లోని అల్మేరియాలో, ఫ్రాన్స్ పిరనీస్ కొండల్లో, సోవియట్ క్రిమియాలో ఇలాంటి చిన్న టవర్లే లేచాయి. 1980ల నడుమ చమురు ధర పడిపోయింది. వాటిమీద ఉత్సాహమూ పడిపోయింది.

ధర కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం సోలార్ వన్‌లోని రెండో లోపం. ఆవిరికి ఓపిక లేదు. మబ్బుతునక ఒకటి అడ్డొస్తే నిమిషాల్లో ఒత్తిడి పడిపోతుంది, టర్బైన్ ఆగుతుంది. మళ్లీ తిప్పాలంటే బోలెడంత తతంగం. మిగులు వేడిని దాచడానికి నూనె, కంకర, ఇసుక నింపిన పెద్ద ట్యాంకు పెట్టారు. అందులోంచి తీసిన వేడితో వచ్చే ఆవిరికి అంత ఊపు ఉండేది కాదు; పది మెగావాట్ల యంత్రం ఏడు మెగావాట్లే ఇచ్చేది, అదీ నాలుగు గంటలు. 1986లో ఆ ట్యాంకు ప్రమాదానికి గురై, దాంతో దాని కథ ముగిసింది.

అప్పుడు తెర మీదికొచ్చింది ఉప్పు. మన వంటింటి ఉప్పు కాదు, పొలాలకు ఎరువుగా వాడే నైట్రేట్లు: నూటికి 60 పాళ్లు సోడియం నైట్రేట్, 40 పాళ్లు పొటాషియం నైట్రేట్. ఈ మిశ్రమం 220 డిగ్రీల దాకా గట్టిగానే ఉండి, ఆ పైన కరిగి నీళ్లలా తేటగా పారుతుంది. 565 డిగ్రీల దాకా చెక్కుచెదరదు. దానికి ఒత్తిడి అక్కర్లేదు, అంటుకోదు, మరీ ఖరీదూ కాదు. రెండు ట్యాంకులు పెట్టుకుంటే చాలు. 290 డిగ్రీల దగ్గర ఉన్న ట్యాంకును 'చల్లటి ట్యాంకు' అంటారు, ఆ చల్లదనాన్ని చెయ్యిపెట్టి చూసే సాహసం ఎవరూ చెయ్యకండి. అందులోని ఉప్పును టవర్ మీదికి పంపి, 565కి వేడెక్కించి వేడి ట్యాంకులో నింపుతారు. కరెంటు కావలసినప్పుడు వేడి ఉప్పుతో నీళ్లు కాచి ఆవిరి తీసి, చల్లారిన ఉప్పును మళ్లీ మొదటి ట్యాంకులోకి పంపుతారు. ఎండ కాసే వేళకూ కరెంటు తీసే వేళకూ ఉన్న ముడి దీంతో తెగిపోయింది. మబ్బు వస్తే రిసీవర్‌కు ఇబ్బంది గానీ టర్బైన్‌కు ఆ సంగతే తెలియదు.

అదే డాగెట్ టవర్‌ను ఉప్పుకు తగ్గట్టు మార్చి, పెద్ద హీలియోస్టాట్లు 108 అదనంగా పెట్టి, 1990ల నడుమ 'సోలార్ టూ' అని పేరు మార్చారు. మొదట్లో గొట్టాలతో పోరాటమే సరిపోయింది. ఎక్కడైనా ఒక వాల్వు దగ్గర కాస్త చల్లారితే చాలు, లోపల ఉప్పు గడ్డకట్టి కూర్చునేది. అందుకే ప్రతి గొట్టానికీ ఎలక్ట్రిక్ హీటర్ తీగ చుట్టాలి. పొద్దుగూకగానే రిసీవర్‌లోని ఉప్పంతా కిందికి జారిపోయేలా ఏర్పాటు ఉండాలి. తెల్లవారాక కొన్ని అద్దాలతో ఖాళీ గొట్టాలను ముందు వెచ్చబెట్టి, ఆ తర్వాతే ఉప్పు వదలాలి. చల్లటి గొట్టంలోకి వదిలితే గడ్డకడుతుంది, ఖాళీ గొట్టం మీద అద్దాలన్నీ ఒకేసారి తిప్పితే గొట్టమే కాలిపోతుంది. ఇదంతా నేర్చుకున్నాక సోలార్ టూ రాత్రీ పగలూ ఆగకుండా దాదాపు వారం రోజులు, 154 గంటలు, కరెంటు ఇచ్చింది. 1999లో ప్రయోగం ముగించేశారు. కొన్నాళ్లు ఖగోళ శాస్త్రవేత్తలు ఆ అద్దాలతోనే రాత్రిపూట గామా కిరణాల మెరుపులు పట్టుకున్నారు. 2009 నవంబరులో టవర్‌ను కూల్చేశారు.

అమెరికా వదిలేసిన చోట స్పెయిన్ అందుకుంది. సెవిల్ దగ్గర ఫుయెంతెస్ దె అందలూసియాలో 2011లో హెమాసోలార్ కేంద్రం మొదలైంది. 140 మీటర్ల టవర్, 2,650 హీలియోస్టాట్లు, ఎనిమిదిన్నర వేల టన్నుల ఉప్పు. ఇన్ని ఉన్నా టర్బైన్ మాత్రం 20 మెగావాట్లకు కాస్త తక్కువే. పెట్టుబడి దాదాపు 23 కోట్ల యూరోలు. కిలోవాట్‌కు పదకొండున్నర వేల యూరోలు! ముప్పై ఏళ్లలో మనుషులు నేర్చుకున్నది ఇంతేనా అనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. సోలార్ వన్‌లో ఒక మెగావాట్‌కు దాదాపు 7 వేల చదరపు మీటర్ల అద్దం ఉండేది. హెమాసోలార్‌లో 15 వేలు. రెట్టింపు అద్దాలు ఎందుకంటే, పగలు వచ్చే వేడిలో సగం టర్బైన్‌కు, సగం ట్యాంకుకు. 15 గంటలు నడిచేంత ఉప్పు నిలవ ఉంటుంది. టన్ను ఉప్పు ఒక్క రాత్రికి దాదాపు 35 యూనిట్లు ఇస్తుందన్నమాట. అదే అద్దాలకు మూడింతల టర్బైన్ తగిలిస్తే 'కిలోవాట్ ఖర్చు' కాగితం మీద అమాంతం పడిపోయేది, పొద్దుగూకగానే కేంద్రమూ పడుకునేది. కాబట్టి టవర్ ఖరీదును కిలోవాట్లలో చెప్పేవాళ్లను నమ్మకండి. ఏడాదికి ఎన్ని యూనిట్లు, అవి ఏ వేళకు అని అడగాలి. 2013లో ఈ కేంద్రం 36 రోజులు ఏకబిగిన రాత్రీ పగలూ నడిచింది.

మరి ఆ ఖర్చంతా ఎక్కడికి పోతుంది? అందరి కళ్లూ టవర్ మీదే గానీ టవర్ కాంక్రీటు పెద్ద పద్దు కాదు. పెద్ద పద్దు అద్దాలు; మొత్తంలో మూడోవంతు నుంచి సగం దాకా మింగేస్తాయి. అందులోనూ గాజు చవక. స్తంభం, చట్రం, మోటార్లు, గేర్లు, వైర్లు, పునాది, గాలికి ఊగకుండా నిలబెట్టేంత ఉక్కు, ఇవీ ఖరీదు. అద్దం పెద్దది చేస్తే మోటార్లు తగ్గుతాయి కానీ గాలి తాకిడి పెరిగి ఉక్కు పెరుగుతుంది. చిన్నది చేస్తే ఉక్కు తగ్గి మోటార్లు పెరుగుతాయి. ఒక చదరపు మీటరు దగ్గర ఉన్న అద్దాల నుంచి 178 చదరపు మీటర్ల అద్దాల దాకా అన్నీ కట్టి చూశారు, తగవు ఇప్పటికీ తెగలేదు. అమెరికా ఇంధన శాఖ 2011లో చదరపు మీటరు హీలియోస్టాట్‌ను 200 డాలర్ల స్థాయి నుంచి 75 డాలర్లకు దించాలని లక్ష్యం పెట్టుకుంది. అంతకుముందే, 2003లో, షికాగోకు చెందిన సార్జెంట్ అండ్ లండీ అనే ఇంజనీరింగ్ సంస్థ లెక్కలు కట్టి, 2020 నాటికి టవర్ కరెంటు యూనిట్ మూడున్నర నుంచి అయిదున్నర సెంట్లకు దిగవచ్చని రాసింది. దానికో షరతు ఉంది. టవర్లు ఒకదాని తర్వాత ఒకటి, వేల మెగావాట్ల మేర కడుతూ పోవాలి. అలా కట్టలేదు.

కట్టిన వాటిలో టోనోపా కథ తెలుసుకోవలసినది. నెవడా ఎడారిలో టోనోపా దగ్గర క్రెసెంట్ డ్యూన్స్: 195 మీటర్ల టవర్, 10,347 హీలియోస్టాట్లు, 32 వేల టన్నుల ఉప్పు, 110 మెగావాట్లు, పది గంటల నిలవ. పెట్టుబడి వంద కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. అందులో 73 కోట్ల 70 లక్షల అప్పుకు ఫెడరల్ ప్రభుత్వం పూచీ. యూనిట్ పదమూడున్నర సెంట్ల చొప్పున కొనడానికి విద్యుత్ సంస్థ ఒప్పందం. సోలార్ టూ నుంచి, పది మెగావాట్ల నుంచి, ఒక్క గెంతున పదకొండింతలకు దూకారు. నన్నడిగితే తప్పు అక్కడే జరిగింది.

2015 జనవరిలో పరీక్షలు జరుగుతుండగా, ఇంకా రిసీవర్‌కు తిప్పని అద్దాలన్నిటినీ టవర్ పైన గాల్లో ఒకే చుక్కకు గురిపెట్టి ఉంచారు. ఆ వెలుగు ముద్దలోకి ఎగిరిన పిట్టలు కాలిపోయాయి, వందకు పైగా. తర్వాత అద్దాల గురిని వేర్వేరు చోట్లకు చెదరగొట్టి ఆ సమస్యను దాదాపు తీర్చారు. అసలు దెబ్బ 2016 అక్టోబరులో, టవర్ మీద కాదు, నేల మీద తగిలింది. వేడి ట్యాంకు అడుగు కారింది. ఈ ట్యాంకు వ్యాసం 40 మీటర్లకు పైనే. అంత ఉక్కు నేలను మామూలు వేడి నుంచి 565 డిగ్రీలకు తీసుకెళితే అడ్డంగా దాదాపు 40 సెంటీమీటర్లు సాగుతుంది. మీద వేల టన్నుల ఉప్పు బరువు. జారడానికి ఎడం లేకపోతే పొయ్యి మీది పలచటి పెనం అడుగులా ఉబ్బి, వెల్డింగ్ దగ్గర చిట్లుతుంది. మరమ్మతుకు ఎనిమిది నెలలు పట్టింది. ఉప్పు చల్లారనివ్వాలి, గడ్డకట్టనివ్వకూడదు, మనుషులు లోపలికి దిగాలి. మొరాకోలోని వర్జాజాత్ దగ్గర నూర్–3 టవర్‌నూ 2024లో ఇలాంటి ట్యాంకు లీకే ఆపేసింది.

ఆగినన్నాళ్లూ వడ్డీ ఆగదు. చిన్న లెక్క వేద్దాం. వంద కోట్ల డాలర్ల మీద ఏటా 7 శాతం ఖర్చనుకుంటే 7 కోట్లు. ఏటా అనుకున్న 50 కోట్ల యూనిట్లు వస్తే యూనిట్ మీద 14 సెంట్ల భారం. టోనోపాలో బాగా నడిచిన 2018లో కూడా 20 కోట్ల యూనిట్లు దాటలేదు. అప్పుడు భారం 35 సెంట్లు. ఎండ ఉచితమే, టవర్ కరెంటు ధరలో సింహభాగం అప్పు మీద వడ్డీ. ఈలోగా చైనా ఫ్యాక్టరీల పుణ్యమా అని సౌర పలకల (సోలార్ ప్యానెళ్ల) కరెంటు అదే నెవడాలో 3 సెంట్ల లోపుకు దిగింది. 2019లో విద్యుత్ సంస్థ ఒప్పందం తెంచుకుంది, 2020లో కంపెనీ దివాలా తీసింది. ప్రభుత్వానికి రావలసిన 42 కోట్ల 50 లక్షల డాలర్లలో 20 కోట్లకే రాజీ కుదిరింది.

ఇవాన్‌పా గురించి రెండు మాటలు చాలు. కాలిఫోర్నియాలో 2014లో మూడు టవర్లు, 1,73,500 హీలియోస్టాట్లు, 220 కోట్ల డాలర్లు, ఉప్పు ట్యాంకు మాత్రం ఒక్కటీ లేదు. పగలే కరెంటు ఇచ్చే టవర్‌కూ పగలే కరెంటు ఇచ్చే పలకకూ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. పలక కోట్లకొద్దీ ఫ్యాక్టరీలో తయారవుతుంది, ప్రతి కోటికీ ధర తగ్గుతుంది. టవర్ ప్రతిసారీ కొత్త ఎడారిలో, కొత్త కాంట్రాక్టర్‌తో, ఒక్కటే తయారవుతుంది.

మన దగ్గర ఏమైంది? జాతీయ సోలార్ మిషన్ మొదటి దశలో, 2010 డిసెంబరు నాటికి, ఎండ వేడితో కరెంటు తీసే 470 మెగావాట్ల సోలార్ థర్మల్ కేంద్రాలకు టెండర్లు తేలాయి. ఏడు కంపెనీలు యూనిట్‌కు ₹10.49 నుంచి ₹12.24 దాకా కోట్ చేశాయి. పూర్తయినవి మూడు. వాటిలో ఒకటి మన అనంతపురం జిల్లా నాగలాపురంలో మేఘా ఇంజనీరింగ్ కట్టిన 50 మెగావాట్ల కేంద్రం. అది టవర్ కాదు, షూమన్ నాటి తొట్టి పద్ధతి, 2014లో మొదలైంది. టవర్ల విషయానికొస్తే రాజస్థాన్‌లో బికనీర్ దగ్గర 2011లో పెట్టిన రెండున్నర మెగావాట్ల బుల్లి కేంద్రంతోనే సరి. అద్దాలకు కావలసింది నేరుగా పడే ఎండ. దుమ్ము, పల్చటి మబ్బు కలిసిన మన ఆకాశంలో వెలుతురు ఎంత ఉన్నా అందులో నేరుగా పడేది తక్కువ. పలక ఆ చెదిరిన వెలుతురునూ వాడుకుంటుంది, అద్దానికి అది చేతకాదు. నేల మీద ఎండను కొలిచే 51 కేంద్రాలను దేశమంతటా పెట్టడం 2011లో మొదలైంది. టెండర్లు ముందు, కొలతలు తర్వాత! 2017లో కర్నూలు జిల్లాలో వెయ్యి మెగావాట్ల పలకల పార్కు వచ్చేసింది. 2020 చివరికి గుజరాత్ వేలంలో పలకల కరెంటు ₹1.99కి దిగింది. ఇక టవర్ మాట ఎత్తినవాళ్లు తక్కువ.

ఇప్పుడు కొత్త టవర్లు ఎక్కువగా లేస్తున్నది చైనాలో. గోబీ అంచున దున్‌హ్వాంగ్‌లో 2018లో వంద మెగావాట్ల టవర్ పూర్తయింది. వాళ్లు పలకలకూ టవర్లకూ పోటీ పెట్టడం లేదు. పగటికి పలకలు, రాత్రికి ఉప్పు అని పని పంచారు. దుబాయ్‌దీ అదే దారి. అక్కడి 262 మీటర్ల టవర్ ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది. తొట్లు, పలకలు, టవర్ మూడూ కలిసిన ఆ కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. 2017 వేలంలో అక్కడి థర్మల్ కరెంటుకు పలికిన ధర యూనిట్‌కు 7.3 సెంట్లు, టోనోపా ధరలో దాదాపు సగం. అద్దం సగం ధరకు దిగిందనుకోకండి. దుబాయ్ సంస్థ 35 ఏళ్ల పాటు కొంటానని సంతకం పెట్టింది, కాబట్టి అప్పు తీర్చే గడువు సాగింది, ఏటా కట్టే వాయిదా తగ్గింది. టవర్ కరెంటును చౌక చేసినవాళ్లలో ఇంజనీర్ కన్నా బ్యాంకర్ వాటా పెద్దది.

వచ్చే వారం: ధర తొంభై శాతం పడిపోయిన సౌర పలక కథ.

(సశేషం)